రెండో నకారం

హమ్రియా యార్డుల ఓడ వెనకభాగం చెక్కుడు నా పని.
సుత్తి, గీకుడు కత్తి, గ్రైండరు, మూతికి తడిగుడ్డ.
పైన తెల్లరంగు: మొరోని.
దాని కింద పచ్చటి పెచ్చు: పనామా.
ఆ కింద తుప్పు,
తుప్పుల నుంచి ఉబ్బెత్తు అక్షరాలు లేచినయి
మానిన గాయం మచ్చల లెక్క.

ఎవరి లిపో నాకెరుక లేదు.
ఆరు ఒక్క చేతివి, సాపుగ, సర్కారు కొలతల ఉన్నయి.
ఏడోది ఒరిగింది,
రెండు గుంజలు, నడుమ ఒక అడ్డకర్ర.
చూస్తెనే తెలుస్తది, చీకట్ల వేసిన వెల్డింగు.
చెయ్యన్న వణికింది,
లేకుంటె ఎవలో వస్తున్నరని తొందరపడ్డది.

పన్నెండున్నరకు ఎండకు పని బందు.
ఓడ నీడకు పాకినం.
అప్పుడచ్చిండు బీమా కంపెనీ సర్వేయరు
ఎందెల్ రోహ్ట్ల, అరవై దాటిన మనిషి,
ఎండకు ఉడికిన మెడ.
ఏడో అక్షరం ముందర చేతిల అట్ట జారింది.
కాలే ఇనుము మీద అరచెయ్యి పెట్టిండు.
తియ్యలే.

సగం ఇంగ్లీషు, సగం సైగలు,
నేనిచ్చిన మజ్జిగ తాగుకుంట చెప్పిండు:

"టాలిన్. మా రాతల చివర న లు రెండు.
వాళ్ల రాతల ఒక్కటే.
ఒక్క న పోతె ఊరు కూలుతదా అంటరు.
పద్దెనిమిదిల మా దేశం మాదన్నం,
రెండేండ్లు కొట్లాడి నిలబెట్టుకున్నం.
నలభైల ఓట్లు పెట్టిన్రు, జాబితా ఒక్కటే,
ఆ జాబితనే గెలిచింది.
నలభై తొమ్మిది మార్చిల మా అమ్మకు గంట టైమిచ్చిన్రు.
కుట్టుమిషను తల ఒక్కటి దుప్పట్ల చుట్టుకొని
పశువుల డబ్బా ఎక్కింది. సైబీరియల దిగింది.
నేనాడ పుట్టిన.
తిరిగొచ్చేసరికి మా ఇంట్ల ఎవలో పొయ్యి ముట్టిచ్చుకున్నరు."

కొంచెంసేపు మజ్జిగ డబ్బా మీది రాతలు చదివిండు.

"ఎనభై ఎనిమిది ఎండకాలం మైదానంల జనం
తెల్లార్లు పాడిన్రు. నాకు గొంతు లేదు.
ఈ ఓడలనే మూడో ఇంజనీరును.
ఒక రాత్రి నడుముకు తాడు కట్టుకొని కిందికి దిగి
ఈ రెండో న వేసిన. నాకు వెల్డింగు రాదు.
పొద్దున కెప్టెను చూసిండు,
సిగరెట్టు ముట్టిచ్చుకొని అవతలికి పోయిండు.
మరుసటేడు మూడు దేశాలు చెయ్యి చెయ్యి పట్టుకున్న నాడు
నేను సముద్రంల ఉన్న.
ఇంకో రెండేండ్లకు దేశం తిరిగొచ్చింది.
అప్పుడూ సముద్రంలనే.
నా వంతు ఇంతే, ఒక్క న."

బడిల మా సారు చెప్పేటోడు,
నకారమంటె ఒక అర్థం అక్షరం,
ఇంకో అర్థం ఒప్పుకోననుడు.
అది ఆయనకు చెప్పబోయి చెప్పరాక
నా పతాక తీసి చూపిన:
రాజలింగం పేరుకు చివరి సున్న ఎగిరిపోయింది.
ఆయన జేబుల పెన్ను తీసి దిద్దబోయిండు.
ప్లాస్టిక్కు మీద పెన్ను ఎక్కలే.
ఇద్దరం నవ్వినం.

మూడింటికి ఫోర్‌మన్ ఖుర్రం ఈలేసిండు, అంత సాపు జెయ్యమని.
ఉంచమంటడేమోనని ముసలాయన దిక్కు చూసిన.
"గీకు" అన్నడు.
"ఇంటికాడ ప్రతి బస్సు టికెటు మీద ఉన్నది. ఓడకెందుకు?"
అట్ట దుమ్ము దులుపుకొని ఇంజను రూము దిక్కు పోయిండు.

ఆరు అక్షరాలు ముప్పావుగంటల పోయినయి.
ఏడోది పోలే.
పని వచ్చినోడైతె పలుచగ వేసేటోడు,
రాక కుప్పవోసిండు, కడ్డీ మీద కడ్డీ.
మూడు డిస్కులు అరిగినయి.
రంగు మీద రంగు కొట్టినం.
పొద్దు వాలంగ ఏటవాలు ఎండకు
మొరోని వెనక మళ్ల లేచినయి,
గుంజలు రెండు, అడ్డకర్ర ఒకటి.

ఖుర్రం నా సగం రోజు కోసిండు.
కోసుకోని.